సుల్తానుల వంటశాల – 7: పదిమందికో పళ్లెం

గత వారం మనం ఒక వింత శాసనం దగ్గర ఆగాం. ఇస్తాంబుల్‌ను గెలిచిన రెండో మెహమ్మద్, ఇకమీదట తన కుటుంబంవాళ్లు తప్ప ఎవరూ తనతో కలిసి భోంచేయరాదని చట్టంలోనే రాయించాడు. అంతకుముందు ఓటోమన్ ప్రభువులు కొలువులో నలుగురి మధ్యా కూర్చుని తిన్నవాళ్లే. రాజ్యం పెరిగేకొద్దీ రాజు భోజనం జనానికి దూరమైంది. అయితే తినేటప్పుడు ఆయన ఒక్కడే గానీ, ఆయన వంటశాల మాత్రం రోజూ వేలమందికి వండేది. ఆ వంటశాల జమాఖర్చుల చిట్టాలో 1473వ సంవత్సరం కింద బక్లావా పేరు కనిపిస్తుంది.

రాజుగారి వంటవాళ్లు కొత్తగా పెట్టిన పేరు కాదది. అదే శతాబ్దంలో కైగుసుజ్ అబ్దాల్ అనే దర్వేషు కవి తిండి మీద తన ఆశను పద్యాల్లో దాచుకోకుండా చెప్పుకున్నాడు. ఆయన కోరిన బక్లావా పళ్లేల్లో కొన్నిట్లో బాదంపప్పు, కొన్నిట్లో మసూర్ పప్పు. మసూర్ పప్పు సంగతి గుర్తుపెట్టుకోండి. ఇవాళ మనం అద్దాల బీరువాల్లో చూస్తున్న పిస్తా బక్లావా అప్పటికింకా తయారు కాలేదు. పొరల మధ్య ఏదో ఒకటి పెట్టి కాల్చే వంట ఒకటి అనటోలియా నేలమీద తిరుగుతోంది, అంతే.

ఆ వంట ఎవరిది? ఈ ప్రశ్న మీద ఇవాళ్టికీ కోపాలు రేగుతాయి. 2006లో ఐరోపా దినోత్సవానికి ఆస్ట్రియావాళ్లు ఒక్కో సభ్యదేశానికి ఒక్కో మిఠాయి ఎంచి ప్రచారం పెట్టారు. సైప్రస్ పేరు పక్కన బక్లావా వచ్చింది. వెంటనే తుర్కియేలో మిఠాయి వ్యాపారులు వీధికెక్కారు. వీధిలో జరిగిన ఈ గొడవ పండితుల మధ్య అంతకు చాలాముందే మొదలైంది. స్పిరోస్ వ్రియోనిస్ అనే చరిత్రకారుడు 1971లో అచ్చయిన తన పుస్తకంలో బక్లావా మూలాన్ని బైజాంటియం గ్రీకుల ‘కొప్తోన్’ అనే వంటలో చూశాడు. మధ్యయుగపు అరబ్బు వంటపుస్తకాలను జీవితమంతా చదివిన చార్లెస్ పెర్రీ ఆ మూలగ్రంథాన్నే తిరగేశాడు. ఎథినేయస్ అనే గ్రీకు రచయిత చెప్పిన ఆ వంటలో గింజలున్నాయి, గసగసాలున్నాయి, తేనె ఉంది, పైనా కిందా నువ్వుల పొర ఉంది. పిండి రేకు మాత్రం ఎక్కడా లేదు. రేకు లేనిది బక్లావా ఎలా అవుతుంది?

ఇంకొందరు ఇంకా వెనక్కి, రోముకు వెళతారు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో కేటో వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో ‘ప్లసెంటా’ అనే వంట వివరంగా ఉంది. పిండి రేకుల మధ్య గొర్రెపాల చీజ్, తేనె కలిపి పేర్చి కాలుస్తారు. పొరలున్న మాట నిజమే. కానీ పొరలు పేర్చడమన్న ఊహ ఎక్కడైనా పుట్టగలదు. పదిహేను వందల ఏళ్ల దూరాన్ని దాటించే ఆధారం చూపకుండా ఒకదాన్ని ఇంకొకదాని తండ్రి అనడం నాకు నచ్చదు. పెర్రీ చూపిన దారిలో నడిస్తే కాలికి నేల తగులుతుంది.

ఆ దారి మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో మొదలవుతుంది. 1070లలో బాగ్దాదులో కూర్చుని మహమూద్ కాష్గరీ అనే తుర్కు పండితుడు, తుర్కు తెగల మాటలన్నిటినీ అరబ్బులో వివరిస్తూ పెద్ద నిఘంటువు రాశాడు. అందులో మడతలు పెట్టిన రొట్టె, పొరల రొట్టె నమోదయ్యాయి. ఎందుకు పొరలు? సంచార జాతి బతుకును తలుచుకుంటే అర్థమవుతుంది. గుడారం ఎత్తుకుని గుర్రం ఎక్కేవాడికి మట్టి బట్టీ ఎక్కడిది? ఉన్నదల్లా ఒక ఇనప పెనం, కింద రాజేసిన ఎండుపేడ. ఆ మంట మీద మందపు రొట్టె లోపల ఉడకదు. పలచగా ఒత్తితే చిటికెలో కాలుతుంది. నోటికి మాత్రం మందపు రొట్టె మీదే మోజు. అందుకని పలచటివే కాల్చి ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో కొవ్వో మీగడో పెట్టి మందం తెప్పించారు. పెర్రీ వాదన సారాంశం ఇది. దీనికి సాక్ష్యం ఇప్పటికీ బాకూలో దొరుకుతుంది. అజర్‌బైజాన్ రాజధానిలో నౌరోజ్ పండక్కి చేసే పఖ్లావాలో పొరలు పదికి అటూఇటూ, ఒక్కోటీ మందంగా ఉంటుంది. పొరపొరకీ మధ్య గింజలు, పైన కుంకుమపువ్వు రంగు, ప్రతి ముక్క మీదా ఒక పప్పుబద్ద. గడ్డిమైదానపు రొట్టెకూ ఇస్తాంబుల్ బక్లావాకూ నడిమి మెట్టు అది.

పలచటి రేకుల విద్య ఇంకో రూపంలోనూ తిరిగింది. 1330లో చైనాను ఏలుతున్న మంగోలు చక్రవర్తి కొలువులో హు సిహుయ్ అనే ఆహారవైద్యుడు రాసిన గ్రంథంలో ‘గుల్లాచ్’ ఉందని పాల్ బ్యుయెల్ అనే పండితుడు గుర్తించాడు. తుర్కియేలో ఇవాళ్టికీ రంజాన్ వస్తే గుల్లాచ్ లేని ఇల్లుండదు. స్టార్చి కలిపిన పలచటి నీళ్లపిండిని వేడి పెనం మీద పొరలా తీస్తారు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసిన చేతులకు ఆ పని కొత్తగా అనిపించదు. ఆ రేకులను తీపి పాలల్లో నానబెట్టి పన్నీరు చల్లుతారు. బక్లావాకు అది చుట్టం.

పొర సంచారుల నుంచి వచ్చిందనుకుందాం. మరి గింజలు, పాకం, పన్నీటి వాసన? అవి నగరం తెచ్చిపెట్టినవి. బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాల విందుల్లో ‘లౌజీనజ్’ అనే మిఠాయి ఉండేది. సన్నటి రేకులో బాదం ముద్ద చుట్టి, పన్నీరు చిలకరించి, పాకంలో ముంచేవాళ్లు. దాని రేకు పలచదనం మీద కవులు పద్యాలు కట్టారు. పదో శతాబ్దపు ఇబ్న్ సయ్యార్ వంటపుస్తకంలో అది ఉంది, 1226లో ముహమ్మద్ అల్ బాగ్దాదీ రాసిన పుస్తకంలోనూ ఉంది.

ఈ రెండో పుస్తకం ప్రయాణమే నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. మంగోలులు 1258లో బాగ్దాదును తగలబెట్టారు. ఖలీఫాల వంటశాలలు పోయాయి. పుస్తకం మిగిలింది. అది ఓటోమన్ల చేతికి చేరింది. రెండో మెహమ్మద్ తండ్రి రెండో మురాద్ కాలంలో షిర్వానీ అనే వైద్యుడు దాన్ని తుర్కీలోకి అనువదించి, తనకు తెలిసిన వంటలు మరికొన్ని చేర్చాడు. అంటే 1473 నాటి ఆ చిట్టాకు ఒక తరం ముందే బాగ్దాదు బాదం మిఠాయిల విద్య ఓటోమన్ రాజమందిరం గడప తొక్కింది. గడ్డిమైదానపు పొరల రొట్టె, అరబ్బు నగరాల గింజలూ పాకమూ కలిసిన చోటు ఇదే. తుర్కులూ అరబ్బులూ ఎవరికి వారు మాదంటే మాదని ఎందుకంటారో కూడా ఇక్కడ తెలుస్తుంది. తలా ఒక భాగం చెబుతున్నారు.

కానీ కలపడం ఒక్కటే సరిపోదు. బక్లావాను బక్లావా చేసింది దాని రేకు సన్నదనం, ఆ సన్నదనం సుల్తానుల రాజమందిరమైన టోప్‌కాపి వంటశాలది. సంచారి ఇల్లాలు పది రేకులు ఒత్తగలదు, పండక్కి ఇరవై ఒత్తుతుంది. వెనక ఉన్నదాన్ని చూపించేంత పలచటి రేకులు నలభై, అవీ పళ్లెం తర్వాత పళ్లేనికి ఒత్తాలంటే పొద్దస్తమానం అదే పనిచేసే మనుషులు కావాలి, వాళ్లకు జీతమిచ్చే ఖజానా కావాలి. 1574లో మంటల్లో కాలిపోయిన ఆ వంటశాలలను వాస్తుశిల్పి సినాన్ తిరిగి కట్టాడు. ఆయన నిలబెట్టిన పొగగొట్టాల వరుస మర్మరా సముద్రంలో ఓడ మీద వచ్చేవాళ్లకు ఈనాటికీ దూరంనుంచే కనిపిస్తుంది. మిఠాయిలకు, పానకాలకు, మురబ్బాలకు, లేహ్యాలకు అక్కడ ‘హెల్వాహానే’ అని ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేది. రాజ్యం నలుమూలల నుంచీ సరుకు అక్కడికి వచ్చేది. ఈజిప్టు నుంచి చక్కెర కూడా వచ్చేది. ఊళ్లలో మామూలు జనం తేనెతోనో ద్రాక్షపాకంతోనో సరిపెట్టుకునే రోజులవి.

ఇక ఆ పళ్లేలు వెళ్లింది ఎవరికో చూద్దాం. జానిసరీల గురించి మూడో భాగంలో చెప్పుకున్నాం. చిన్నతనంలోనే క్రైస్తవ కుటుంబాల నుంచి తెచ్చి, మతం మార్చి, శిక్షణ ఇచ్చి తయారుచేసిన సుల్తాను సొంత పదాతిదళం. ఆ దళంలో అన్నీ వంటింటి పేర్లే. దళాన్ని ‘పొయ్యి’ అనేవాళ్లు. పటాలం నాయకుడు ‘సూపు పోసేవాడు’. టోపీ ముందుభాగంలో చెంచా పెట్టుకునే చోటు. పటాలానికి ప్రాణం దాని రాగి గుండిగ. మూడు నెలలకోసారి జీతాలిచ్చే రోజు రాజమందిరం ముంగిట సూపు పోస్తారు. సైనికులు దాన్ని ముట్టకపోతే మంత్రుల గుండెల్లో రాళ్లు పడేవి. గుండిగను బోర్లిస్తే అది తిరుగుబాటు. తిన్న ఉప్పుకు కట్టుబడి ఉంటామనడానికీ, ఇక ఉండబోమనడానికీ వాళ్లు వాడిన భాష అన్నమే.

17, 18 శతాబ్దాల సంధికాలం నాటికి ఆ భాషలోకి బక్లావా కూడా చేరింది. రంజాన్ నెల 15వ రోజున సుల్తాను టోప్‌కాపిలో భద్రపరిచిన ప్రవక్త పవిత్ర వస్త్రాన్ని దర్శించుకునేవాడు. ఆ రోజే వంటశాలల ముందు పళ్లేలు బారులు తీరేవి. పదిమంది సైనికులకు ఒక పళ్లెం చొప్పున లెక్క. సుల్తాను పేరు కూడా జానిసరీల పట్టీలో మొదటి సైనికుడిగా ఉండేది. కాబట్టి తొలి వాటా ఆయనది. దాన్ని ఆయుధాగారం అధికారి సిలాహ్‌దార్ ఆగా అందుకునేవాడు. తర్వాత ఒక్కో పళ్లేన్ని గుడ్డలో మూటగట్టి, కర్రకు తగిలించి, ఇద్దరేసి సైనికులు ఎత్తుకునేవాళ్లు. ముందు నాయకులు, వెనక పళ్లేలు. కోట గుమ్మం దాటి బారకాసుల దాకా ఊరేగింపు. చూడటానికి నగరమంతా రోడ్డు మీదకు వచ్చేది. ఖాళీ పళ్లేలూ గుడ్డలూ మర్నాడు వంటశాలకు తిరిగి చేరేవి. దీన్ని ‘బక్లావా అలాయి’ అన్నారు.

కుటుంబం తప్ప ఎవరితోనూ భోంచేయనని శాసనం రాసిన వంశం, ఏడాదికి ఒక్కరోజు సైనికుడి లెక్కన వాటా తీసుకోవడం మామూలు మర్యాద కాదు. అందులో భయం కూడా ఉంది. ఆ సైన్యమే 1622లో రెండో ఉస్మాన్‌ను చంపింది. 1807లో మూడో సెలీమ్‌ను గద్దె దించడంలోనూ దాని చెయ్యి ఉంది. తీపి పెట్టి మచ్చిక చేసుకోవడం సాగినంతకాలం సాగింది. 1826లో రెండో మహమూద్ కొత్తరకం సైన్యం పెడతానన్నాడు. జానిసరీలు గుండిగలు తెచ్చి ఎత్‌మైదాన్ అనే మైదానంలో పెట్టారు. జూన్ 15న సుల్తాను ఫిరంగులు వాళ్ల బారకాసులను నేలమట్టం చేశాయి. ఆ ఏడాది రంజాన్ 15వ రోజు గడిచి రెండు నెలలైనా కాలేదు. జానిసరీలతోపాటు బక్లావా ఊరేగింపు కూడా చరిత్రలో కలిసిపోయింది.

ఊరేగింపు ఆగినా చేతులు ఆగలేదు. 1844లో అచ్చయిన తొలి ఓటోమన్ వంటపుస్తకం, మెహ్మెద్ కామిల్ రాసినది, రాజమందిరపు విద్యను అక్షరాల్లోకి తెచ్చింది. అసలు విద్య మాత్రం పుస్తకాల్లో కన్నా బజారు దుకాణాల్లోనే బతికింది. దానికి పెద్ద దిక్కు ఐంతాబ్ అనే ఊరు. ఓటోమన్ల కాలంలో అది అలెప్పో పరగణాలోది. అలెప్పో అక్కడికి వంద కిలోమీటర్ల దూరం, డమాస్కస్ హజ్ దారిలో వస్తుంది. ఆ ఊరి మిఠాయి కుటుంబాల్లో పేరున్న గుల్లూ వంశంవాళ్లు, తమ పూర్వీకుడు హజ్‌కు వెళ్లి వస్తూ అలెప్పో, డమాస్కస్‌లలో ఆగి ఈ పని నేర్చుకొచ్చాడని చెబుతారు. 1887లో మొదలైన ఇమామ్ చాగ్దాష్ దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రెంచి సైన్యాన్ని ఎదిరించి నిలిచినందుకు 1921లో తుర్కు జాతీయసభ ఐంతాబుకు ‘గాజీ’ బిరుదిచ్చింది. అదే నేటి గాజీఅంతెప్. 1926లో అల్పుల్లు, ఉషాక్‌లలో చక్కెర మిల్లులు తెరుచుకున్నాక దేశంలోనే చక్కెర తయారవడం మొదలైంది. 1949లో ముస్తఫా గుల్లూ ఇస్తాంబుల్ కరాకోయ్‌లో దుకాణం తెరిచాడు. రాజమందిరం నుంచి బయటపడ్డ మిఠాయి, అంతెప్ చేతుల మీదుగా, ఆ పాత రాజధానికే మామూలు మనిషి కొనుక్కునే సరుకుగా తిరిగొచ్చింది.

ఆ చేతులు ఏం చేస్తాయో కాస్త దగ్గరగా చూడాలి. పిండికి గట్టి గోధుమ కావాలి, సాగదీస్తే తెగనిది. గుడ్డు, ఉప్పు, నీళ్లు కలిపి మర్దించి, ఉండలు చేసి తడిగుడ్డ కింద నాననిస్తారు. ఉండను మొదట అరచేయంత ఒత్తి, గోధుమ స్టార్చి పొడి చల్లి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఆ దొంతరను ‘ఓక్లావా’ అనే సన్నటి పొడుగాటి కర్రకు చుట్టి పాలరాతి బల్ల మీద దొర్లిస్తారు. విప్పుతారు, తిప్పుతారు, మళ్లీ పొడి చల్లుతారు, మళ్లీ చుడతారు. ఒక్కోసారి పది, పన్నెండు రేకులు కలిపి ఒకేసారి సాగుతాయి. పొడి తక్కువైతే రేకులు అంటుకుపోతాయి. ఎక్కువైతే నోట్లో పిండి తగులుతుంది. గదిలో గాలంతా తెల్లగా ఉంటుంది, పనివాళ్ల కనురెప్పల మీద కూడా స్టార్చి పేరుకుంటుంది. పూర్తయిన రేకును పైకెత్తితే వెనకున్న మనిషి ముఖం కనిపించాలి. పన్నెండు, పదమూడేళ్ల వయసులో కుర్రాడిగా చేరినవాడు, మొదట నేల ఊడ్చి, పళ్లేలు తోమి, ఏళ్ల తర్వాత కర్ర పట్టుకుంటాడు. ఉస్తా, అంటే పనిలో ఆరితేరినవాడు, అనిపించుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

పళ్లెంలో అడుగున ఇరవైదాకా రేకులు, వాటి మీద రవ్వా పాలూ కాచిన మీగడ, దాని మీద పిస్తా, పైన మళ్లీ ఇరవైదాకా రేకులు. ఆ పిస్తా పూర్తిగా పండకముందే ఆగస్టులో కోసినది. అప్పుడు పప్పు చిన్నది, తూకం రాదు, కానీ రంగు ముదురాకుపచ్చ, వాసన ఘాటు. పైగా పిస్తా చెట్టు ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది మొహం చాటేస్తుంది. అందుకే రైతు పచ్చికాయ కోయడమంటే నష్టానికి తెగించడమే, దాని ధర ఆకాశంలో ఉండటం న్యాయమే. నెయ్యి గొర్రె, మేకపాలది, ఉర్ఫా వైపు నుంచి వస్తుంది. వెన్న వాడరు. వెన్నలో నీరూ పాలపదార్థమూ ఉంటాయి, వేడికి మాడి మచ్చ పడుతుంది. కాచి వడగట్టిన నెయ్యి ప్రతి రేకునూ విడివిడిగా ఉంచుతుంది, రేకులోని తడి ఆవిరై పైకి తన్నడంతో పొరలు లేస్తాయి. ఓక్ కట్టెల బట్టీలో బంగారు రంగు తిరిగేదాకా కాలుస్తారు. బట్టీలోంచి తీసిన పళ్లెం మీద అక్కడికక్కడే మరుగుతున్న పాకం పోస్తారు. అప్పుడొచ్చే చప్పుడు విని, సరిగ్గా కాలిందో లేదో ఉస్తా చెప్పేస్తాడు. పాకం లేతదైతే రేకు నానిపోతుంది, ముదిరితే లోపలికి దిగదు. మళ్లీ చక్కెర పలుకులు కట్టకుండా అందులో కాస్త నిమ్మరసం పిండుతారు.

ఈ పనికి ఆలస్యంగానైనా గుర్తింపు దొరికింది. 2013 డిసెంబరులో అంతెప్ బక్లావా ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు జాబితాలో చేరింది. తుర్కియే నుంచి ఆ గుర్తింపు పొందిన తొలి సరుకు ఇదే. 2015లో యునెస్కో గాజీఅంతెప్‌ను పాకశాస్త్రంలో సృజనాత్మక నగరంగా ఎంచుకుంది. ఆ ఐరోపా గుర్తింపు బక్లావా అనే పేరును ఎవరికీ రాసివ్వలేదు. ఏథెన్స్‌లో అక్రోటు, తేనె, దాల్చినచెక్కతో చేసేదీ బక్లావాయే, బాకూదీ బక్లావాయే. ఫలానా ఊళ్లో, ఫలానా పిస్తాతో, ఫలానా నెయ్యితో, ఫలానా పద్ధతిలో చేసినదానికే అంతెప్ పేరు చెల్లుతుందని మాత్రం అంటుంది. మూలం మీద శతాబ్దాలుగా సాగుతున్న తగువుకు ఇంతకంటే న్యాయమైన తీర్పు ఉండదని నా నమ్మకం. వంట ఊహ అందరిదీ. పనితనం మాత్రం చేసినవాళ్లది.

ఇప్పుడు హైదరాబాద్‌లోనూ బక్లావా దుకాణాలున్నాయి, గల్ఫ్ నుంచి వచ్చే మనవాళ్ల పెట్టెల్లోనూ డబ్బాలొస్తున్నాయి. కొనేముందు ఒక ముక్క అడిగి రుచి చూడండి. ఫోర్కు గుచ్చగానే పై రేకులు కరకరమని పలకాలి. డబ్బా అడుగున పాకం మడుగు కట్టకూడదు. మొదట ముక్కుకు నెయ్యి తగలాలి, తర్వాత పిస్తా, చివరికి తీపి. మరీ చిలకపచ్చ రంగులో మెరిసే పొడిని అనుమానించండి, రంగేసిన బఠాణీతో పిస్తాకు బదులు నడిపించే మోసం తుర్కియేలో కూడా ఉంది. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నెయ్యి పేరుకుని రేకు మెత్తబడుతుంది. తినేటప్పుడు ముక్కను తలకిందులు చేసి, పాకం పీల్చిన అడుగుభాగం అంగిలికి తగిలేలా నోట్లో పెట్టుకోండి. అంతెప్‌లో అలాగే తింటారు.

(వచ్చే వారం: యెమెన్ కొండల నుంచి ఇస్తాంబుల్ బజారుకు కాఫీ)